స్కాట్లాండ్‌లో ఇల్లు అమ్మడం: సొలిసిటర్‌తో ఒకటి, ఆన్‌లైన్ ఏజెంట్‌తో ఒకటి అమ్మాక నా సమీక్ష

ఎడిన్‌బరా చుట్టుపక్కల ఇల్లు అమ్మాలనుకునే మనవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా అడిగేది ఒకటే. "ఆన్‌లైన్ ఏజెంట్ అయితే చవగ్గా అయిపోతుందట కదండీ, లాయర్లకి శాతం ఎందుకివ్వాలి?" అని. మేం రెండు దారుల్లోనూ అమ్మాం. లీత్‌లోని పాత టెనిమెంట్ (ఒకే మెట్ల దారి మీద ఫ్లాట్లున్న భవనం) ఫ్లాట్‌ని సొలిసిటర్ (అంటే లాయరు) ద్వారా, కొన్నేళ్ళ తర్వాత లివింగ్‌స్టన్‌లోని సెమీ డిటాచ్డ్ (ఒక గోడ పక్కింటితో కలిసిన) ఇంటిని ఆన్‌లైన్ ఏజెంట్ (యాప్, కాల్ సెంటర్ల మీద ఇల్లు అమ్మిపెట్టే కంపెనీ) ద్వారా. తెలిసినవాళ్ళ అమ్మకాల్లోనూ కాగితాలన్నీ చదివి పెట్టాను. నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను: ప్రకటన ఎవరు వేసినా దాదాపు ఒకటే. మనం డబ్బు కట్టేది, ఆఫర్లు వచ్చాక మన తరఫున మాట్లాడే మనిషికి.

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరం. ఇంగ్లండ్‌లో ఇల్లు అమ్మిపెట్టేది ఎస్టేట్ ఏజెంట్, కాగితాల పని చూసేది వేరే లాయరు. స్కాట్లాండ్‌లో చాలా లాయరు ఆఫీసులు రెండు పనులూ చేస్తాయి. ఫోటోలు తీయించడం, వివరాల పుస్తకం వేయించడం, ఇల్లు చూపించడం, బేరం, రిజిస్ట్రేషన్ అన్నీ ఒకే ఆఫీసులో జరిగిపోతాయి. ఈ ఆఫీసులన్నీ కలిసి తమ ఇళ్ళ ప్రకటనలకి సొంత కేంద్రాలు పెట్టుకున్నాయి. ఎడిన్‌బరాలో ఈఎస్‌పీసీ 1971 నుంచీ ఉంది. అబర్డీన్‌కి ఏఎస్‌పీసీ, గ్లాస్గోకి జీఎస్‌పీసీ, డండీ వైపు టీఎస్‌పీసీ ఉన్నాయి. ఈఎస్‌పీసీలో ఇల్లు పెట్టాలంటే అందులో సభ్యత్వం ఉన్న సొలిసిటర్ ద్వారానే పెట్టాలి. ఆన్‌లైన్ ఏజెంట్‌కి ఆ తలుపు తెరుచుకోదు.

రైట్‌మూవ్ అనే ఇళ్ళ ప్రకటనల వెబ్‌సైట్ సంగతి వేరు. అందులో ఇంటి యజమాని నేరుగా ప్రకటన పెట్టుకోలేడు, ఏజెంట్ ఉండాల్సిందే. హైదరాబాద్‌లో మ్యాజిక్‌బ్రిక్స్‌లో ఓనరే ఫోటోలు ఎక్కించి ఫోన్ నంబర్ ఇచ్చేసినట్టు ఇక్కడ కుదరదు. సొలిసిటర్ అయినా ఆన్‌లైన్ ఏజెంట్ అయినా రైట్‌మూవ్‌లో పెడతారు. అలాంటివే అయిన జూప్లాలోనో, ఆన్‌దిమార్కెట్‌లోనో కూడా పెడతారేమో ముందే అడగండి, అన్ని ఇళ్ళూ అన్ని సైట్లలో ఉండవు. మా రెండు ఇళ్ళకీ ఫోన్ చేసినవాళ్ళలో ఎక్కువమంది రైట్‌మూవ్ చూసే చేశారు. లీత్ ఫ్లాట్‌కి మాత్రం ఈఎస్‌పీసీ చూసి వచ్చినవాళ్ళే గట్టి ఆఫర్లు వేశారు. ఎడిన్‌బరాలో పుట్టి పెరిగినవాళ్ళు ఇప్పటికీ ముందు దాన్నే చూస్తారు.

ఏ దారిలో వెళ్ళినా తప్పని ఖర్చు హోమ్ రిపోర్ట్. 2008 డిసెంబర్ నుంచి స్కాట్లాండ్‌లో ఇది చట్టం. ఇంటిని తనిఖీ చేసి విలువ కట్టే సర్వేయర్ ఇచ్చే సింగిల్ సర్వే, ఎనర్జీ రిపోర్ట్, మనం నింపే ప్రాపర్టీ క్వశ్చనేర్, ఈ మూడూ కలిస్తే హోమ్ రిపోర్ట్. ఇల్లు మార్కెట్లో పెట్టే రోజుకి అది 12 వారాల కంటే పాతది కాకూడదు. డబ్బు కట్టాల్సింది అమ్మేవాళ్ళే. సర్వేలో ఒక్కో భాగానికి 1, 2, 3 అని గ్రేడు వేస్తారు. 3 అంటే వెంటనే బాగు చేయించాలని. మా లీత్ ఫ్లాట్‌లో పైకప్పు గట్టర్‌కి 2 పడింది. సొలిసిటర్ అది చూసి, మెట్ల దారిలో ఉన్న మిగతా ఫ్లాట్ల వాళ్ళతో కలిసి ఆ రిపేర్‌కి ముందే తీసుకున్న కొటేషన్‌ని రిపోర్ట్‌తో పాటు అందరికీ పంపమంది. తర్వాత ఏ ఒక్క కొనుగోలుదారూ ఆ గట్టర్ పేరు చెప్పి ధర తగ్గించమనలేదు. ఇలాంటి సలహా ఆన్‌లైన్ ప్యాకేజీలో నాకు దొరకలేదు.

లీత్ అమ్మకం గురించి ఇంకాస్త చెప్పాలి, అసలు తేడా తెలిసింది అక్కడే. సర్వేయర్ 2,55,000 పౌండ్లు విలువ కట్టాడు. సొలిసిటర్ 'ఆఫర్స్ ఓవర్ 2,45,000' అని, అంటే ఇంతకంటే పైన ఆఫర్లు వేయమని పెట్టించింది. విలువ కంటే తక్కువ చూపిస్తున్నారేంటని మా ఆవిడ కంగారు పడింది. ఇక్కడి లెక్కే అంత. తక్కువ చూపిస్తే చూడ్డానికి ఎక్కువమంది వస్తారు, నచ్చినవాళ్ళు తమ లాయరు ద్వారా 'నోట్ ఆఫ్ ఇంట్రెస్ట్' పంపిస్తారు, అవి కొన్ని పోగయ్యాక ఫలానా రోజు మధ్యాహ్నం 12 గంటలకి క్లోజింగ్ డేట్ అని ప్రకటిస్తారు. అప్పుడు ఎవరికి వాళ్ళు ఒకే ఒక్క ఆఫర్ వేయాలి. పక్కవాడు ఎంత వేశాడో ఎవరికీ తెలియదు.

ఆ రోజు 12 దాటాక సొలిసిటర్ ఫోన్ చేసి మూడు ఆఫర్లూ చదివింది. అన్నిటికంటే ఎక్కువ 2,76,000. మేం ఇంట్లో ఎగిరి గంతేసినంత పని చేశాం. ఆవిడ మాత్రం తాపీగా, "ఈయన తన ఇల్లు అమ్ముడుపోతేనే కొంటానని షరతు పెట్టాడు. 2,72,500 వేసిన జంటకి లోన్ ఇస్తామని బ్యాంకు ప్రాథమికంగా ఒప్పుకుంది, తాళాలు తీసుకునే తేదీ కూడా మీకు సరిపోతుంది" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. బ్యాంకు లోన్ ఇచ్చేది హోమ్ రిపోర్ట్ విలువ మీదే. అంటే 2,55,000 మీద ఉన్న 17,500 పౌండ్లు వాళ్ళు చేతి డబ్బు పెట్టుకోవాలి. అవతలి లాయరుకి అప్పటికప్పుడు ఫోన్ చేసి ఆ డబ్బు సిద్ధంగా ఉందో లేదో కనుక్కుని మళ్ళీ మాకు చేసింది. ఆ జంటకే ఇచ్చేశాం.

మర్నాడు మొదటాయన తరఫు నుంచి కబురొచ్చింది, షరతు తీసేస్తాం, ఇంకాస్త పెంచుతాం అని. సొలిసిటర్ సూటిగా చెప్పేసింది. ఒకరికి సరేనన్నాక మరొకరి ఎక్కువ ఆఫర్ తీసుకోవాలనుకుంటే లాయర్ల సంఘమైన లా సొసైటీ ఆఫ్ స్కాట్లాండ్ నియమాల ప్రకారం తను మా కేసు వదులుకోవాలి, మేం వేరే లాయరుని చూసుకోవాలి అని. మాకు అది నచ్చింది. మాట ఇచ్చాక మాటే. అయితే చట్టం దృష్టిలో అమ్మకం ఖాయమయ్యేది మిస్సివ్స్‌తో, అంటే రెండు వైపుల లాయర్ల మధ్య నడిచే ఒప్పంద లేఖలతో. అవి పూర్తయ్యేదాకా చట్టం ప్రకారం ఎవరూ కట్టుబడి ఉండరు. మధ్యలో మన తల తిరగకుండా పట్టుకునే మనిషి ఒకరు ఉండాలి.

ఇక లివింగ్‌స్టన్. మాది కొత్త కాలనీ, వరసగా ఒకే నమూనా ఇళ్ళు. పక్క వీధిలో అదే సైజు ఇల్లు ఎంతకి పోయిందో ఆస్తుల రిజిస్ట్రేషన్ చూసే రిజిస్టర్స్ ఆఫ్ స్కాట్లాండ్ రికార్డుల్లో ఎవరైనా చూసుకోవచ్చు. ధర విషయంలో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సింది ఏమీ లేదు కాబట్టి 'ఫిక్స్‌డ్ ప్రైస్' (పోటీ ఆఫర్లు లేకుండా ఒకే ధర) పెట్టాం, ఆన్‌లైన్ ఏజెంట్‌ని తీసుకున్నాం. కొన్ని విషయాల్లో చాలా బాగుంది. యాప్ నిజంగా పనికొస్తుంది. ఎవరు ఎప్పుడు చూడ్డానికి వస్తున్నారో రాత్రి పదకొండుకైనా కనిపిస్తుంది, చూసి వెళ్ళాక ఏమనుకున్నారో అందులోనే వస్తుంది. ఫోటోలు శుభ్రంగా తీశారు. ఇల్లు మేమే చూపించాం. బస్సు ఎక్కడ ఆగుతుంది, పిల్లలకి ఏ బడి వస్తుంది, తోటలో మధ్యాహ్నం ఎండ ఎక్కడ పడుతుంది, ఇవన్నీ మాకంటే బాగా చెప్పే ఏజెంట్ ఎవరుంటారు?

ఇబ్బంది ఆఫర్ దగ్గర మొదలైంది. కొనే ఆయన ఇంగ్లండ్ నుంచి బదిలీ మీద వచ్చాడు. యాప్‌లో అంకె టైప్ చేసి 'పంపు' నొక్కేశాడు, పని అయిపోయిందనుకున్నాడు. స్కాట్లాండ్‌లో లాయరు రాతపూర్వకంగా పంపితేనే అది ఆఫర్. ఆ సంగతి ఆయనకి ఏజెంట్ తరఫున ఎవరూ చెప్పలేదు. మాకు కేటాయించిన 'లోకల్ ఎక్స్‌పర్ట్' చూసుకునే ప్రాంతం చాలా పెద్దది, ఫోన్ ఎత్తేవాడు కాదు. కాల్ సెంటర్‌కి చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, కథంతా మొదటి నుంచీ చెప్పాలి. మా వైపు కాగితాల పని చూస్తున్న లాయరుకీ, వీళ్ళకీ మధ్య మేమే రాయబారులమయ్యాం. వారాల తరబడి టెన్షన్. చివరికి అనుకున్న ధరకే పోయింది, కానీ అందుకు పరిగెత్తింది మేమే.

డబ్బు లెక్క చూద్దాం. లీత్‌లో సొలిసిటర్ ఒక శాతం తీసుకుంది, అంటే 2,725 పౌండ్లు, దాని మీద 20 శాతం వ్యాట్ కలిపితే 3,270. లివింగ్‌స్టన్‌లో ఆన్‌లైన్ ఫీజు వ్యాట్‌తో కలిపి అందులో సగం కూడా కాలేదు. అయితే అది ఇల్లు అమ్ముడైనా కాకపోయినా ముందే కట్టాల్సిన డబ్బు. వాళ్ళ మనిషి వచ్చి ఇల్లు చూపించాలంటే అదనం, రైట్‌మూవ్‌లో ప్రకటన పెద్దదిగా కనిపించాలంటే అదనం. కాగితాల పనికి లాయరు ఫీజు రెండు చోట్లా విడిగా ఉంది. బ్రిటన్‌లో 'ఉచితం' అనే ఏజెంట్లూ ఉన్నారు. మార్ట్‌గేజ్ బ్రోకర్‌కో, తమకి తెలిసిన లాయరుకో మనల్ని అప్పగిస్తే వచ్చే కమిషన్‌తో వాళ్ళకి గిట్టుబాటు అవుతుంది. ముందే డబ్బు కట్టేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2014లో మొదలై స్టాక్ మార్కెట్‌కి కూడా వెళ్ళిన పర్పుల్‌బ్రిక్స్ అనే ఆన్‌లైన్ ఏజెంట్ వ్యాపారాన్ని 2023లో స్ట్రైక్ అనే కంపెనీ ఒక్క పౌండుకి కొనుక్కుంది. ఈ రంగంలో కంపెనీల తలరాతలు అంత త్వరగా మారతాయి.

లండన్ వైపు ఉన్నవాళ్ళకి నా సలహా వేరు. అక్కడ సొలిసిటర్ కేంద్రాల ఆనవాయితీ లేదు. సంతకం చేసిన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునేదాకా కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఇద్దరిలో ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు, అది నెలల తరబడి సాగుతుంది. అందుకే ఫీజు కంటే, అమ్మకం ఖాయమయ్యాక అవతలి లాయర్ల వెంట పడే మనిషి ఆ ఏజెంట్ దగ్గర ఉన్నాడా అని చూసుకోండి. ఏజెంట్ ఏదో ఒక రిడ్రెస్ స్కీమ్‌లో (ఏజెంట్ల మీద ఫిర్యాదులు తేల్చే సంస్థలో) సభ్యుడై ఉండటం చట్టం, ఆ పేరు అడిగి రాసుకోండి.

మన వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే ఏజెంటే అక్కర్లేదు కదా అనేవాళ్ళకి కూడా చెప్పాలి. తెలిసిన ఒక్కరికి నేరుగా అమ్ముకుంటే హోమ్ రిపోర్ట్ అవసరం లేదు. గ్రూపులో పదిమందికీ ప్రకటించారంటే మాత్రం మార్కెట్లో పెట్టినట్టే లెక్క అని మా సొలిసిటర్ చెప్పింది. కొనేవాళ్ళ బ్యాంకు ఎలాగూ సర్వేయర్ని పంపిస్తుంది. పైగా మనవాళ్ళతో ధర మాట్లాడటం మొహమాటం.

పాత టెనిమెంటో, ఒకదానికొకటి పోలిక లేని ఇళ్ళున్న వీధో, పోటీ ఉన్న ఏరియానో అయితే ఈఎస్‌పీసీ సొలిసిటర్‌కే ఇవ్వండి. ఒకే నమూనా ఇళ్ళ కాలనీ అయి, మీకు పగలు తీరిక ఉండి, ఫోన్ల మీద వెంటపడే ఓపిక ఉంటే ఆన్‌లైన్ సరిపోతుంది. సంతకం పెట్టే ముందు ఒప్పందంలో రెండు చోట్ల వేలు పెట్టి చదవండి: ఎన్ని వారాలు వాళ్ళని వదిలి ఇంకొకరి దగ్గరికి పోకూడదు, వాళ్ళ ద్వారా ఇల్లు చూసినవాళ్ళకి మీరు తర్వాత సొంతంగా అమ్ముకున్నా ఫీజు కట్టాలా. ఫీజు తర్వాత కట్టవచ్చు అంటే, వాళ్ళు చెప్పిన లాయర్నే పెట్టుకోవాలనే షరతు ఉందేమో కూడా చూడండి.