మిన్నల్ మురళి: మా నాయిన జిప్పు ఎక్కడని అడిగిన సినిమా

ఇది మలయాళం సూపర్ హీరో సినిమా, కొత్తదేం కాదు. 2021 డిసెంబర్ 24న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, చూసినోళ్లు ఎప్పుడో చూసేశారు. నేను మాత్రం మొన్న ఆదివారం చూశా, అదీ మా అక్క కొడుకు పోరు పడలేక. వాడు సెలవులకి కర్నూలు వచ్చినప్పటి నుంచి ఎగిరే మనుషుల సినిమాలు తప్ప ఇంకోటి పెట్టనివ్వడు. ఇంట్లో టీవీ ఒక్కటే. దాని ముందు నేను, అమ్మ, వాడు, ఆ రోజు షాపు మూసేశాడు కాబట్టి మా నాయిన. మా నాయిన దర్జీ. నలభై ఏళ్లుగా మిషను తొక్కుతున్న మనిషి, ఏ సినిమా అయినా పది నిమిషాలకి గురక పెట్టడం ఆయన అలవాటు. దీనికి పెట్టలేదు. హీరో కూడా దర్జీ అని తెలియగానే దిండు పక్కన పడేసి లేచి కూర్చున్నాడు.

కథ రెండు ముక్కల్లో చెప్తా. కేరళలో కురుక్కన్‌మూల అని ఒక ఊరు, కల్పించిన ఊరే. అక్కడ జైసన్ అనే కుర్రాడు బట్టలు కుడుతుంటాడు గానీ మనసంతా అమెరికా మీదే. ప్రేమించిన పిల్లకేమో వేరే సంబంధం కుదిరింది. అదే ఊళ్లో షిబు అని ఒకతను టీ కొట్లో పని చేస్తుంటాడు, ఊరు ఊరంతా పిచ్చోడని ఏడిపించే మనిషి. క్రిస్మస్ రోజుల్లో ఒక రాత్రి ఇద్దరి మీదా ఒకేసారి పిడుగు పడుతుంది. ఇద్దరూ చావరు, ఇద్దరికీ శక్తులొస్తాయి. ఒకడు హీరో అవుతాడు, ఇంకొకడు విలన్. ఇంతకంటే చెప్తే మీకు చూడటానికి ఏం మిగలదు.

సినిమాలో పిడుగు పడి పది నిమిషాలు కాలేదు, మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. గంటన్నర కరెంటు లేదు. బొరుగులు తింటూ చీకట్లో కూర్చున్నాం, అక్క కొడుకేమో 'పిడుగు పడితే నిజంగా పవర్స్ వస్తాయా తాతా' అని ఒకటే నస. మా వైపు పిడుగు పడిందంటే గొర్లు కాసుకునేటోడో, చెట్టు కిందికి పోయి నిలబడ్డ కూలోళ్లో పోయారన్న కబురే వస్తుంది. ఉరుములతో తొలకరి పడిందంటే మాత్రం జొన్నగిరి, తుగ్గలి వైపు జనం బస్సులెక్కి పోతారు, చేలల్లో వజ్రాలు వెతుక్కోవడానికి. వంచిన నడుము ఎత్తకుండా రోజంతా మట్టి చూస్తారు. ఆకాశం మా జిల్లాకి ఇచ్చే సూపర్ పవర్ అదొక్కటే, అది కూడా ఎవరికో ఒకరికి. వాడికి ఇదంతా చెప్తే వజ్రాల కథ కూడా సినిమా తీయొచ్చు కదా అన్నాడు. తీయొచ్చు.

కరెంటొచ్చాక మళ్లీ మొదలుపెట్టాం. తక్కువ డబ్బుతో తీసిన సూపర్ హీరో సినిమా అంటే నాకు భయం, బొమ్మలాట గ్రాఫిక్స్, రబ్బరు రాళ్లు గుర్తొస్తాయి. ఇందులో దర్శకుడు బేసిల్ జోసెఫ్ తెలివిగా చేసిందేంటంటే చేతిలో లేనిదాని జోలికి పోలేదు. కూలే మేడలు లేవు, ఆకాశంలోంచి దిగే ఓడలు లేవు. శక్తి వచ్చాక హీరో మొదటిసారి గట్టిగా దాన్ని వాడేది ఎవరి మీదనుకున్నారు, ఊరి పోలీసుల మీద, ముఖానికి గుడ్డ చుట్టుకుని, పంచె ఎగ్గట్టి. ఈ సినిమా ఫైట్లకి పని చేసింది వ్లాద్ రింబర్గ్ అని విదేశీ మాస్టర్, కానీ ఆ ఫైటు చూస్తుంటే జాతరలో జరిగిన కొట్లాట లాగే ఉంటుంది, నేను నవ్వి నవ్వి నీళ్లు తాగాల్సి వచ్చింది. మేనమామకి ఏ పవర్ వచ్చిందో పరీక్ష పెట్టి కనిపెట్టేది కామిక్స్ చదివే మేనల్లుడు. మా వాడు ఆ పిల్లోణ్ని చూసి నా వైపు ఎంత ఆశగా చూశాడో చెప్పలేను, నేను చూపు తిప్పేసుకున్నా.

ఇక డ్రెస్సు. హీరో అసలు డ్రెస్సు వేసుకుని వచ్చినప్పుడు మేమందరం విజిల్ వేసే మూడ్‌లో ఉంటే నాయిన రిమోట్ లాక్కుని ఆపాడు. టీవీ దగ్గరికి పోయి కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. 'సాగే గుడ్డరా ఇది. మన మామూలు మిషను మీద కుడితే తొడుక్కునేటప్పుడే కుట్లు పటపటా తెగిపోతాయి. ఓవర్‌లాక్ మిషను అన్నా ఉండాల' అన్నాడు. తర్వాత ఇంకాసేపు చూసి, 'సరే, జిప్పు యాడ? ఒంటికి వస్తే ఎట్ల?' అన్నాడు. ఇన్ని సూపర్ హీరో సినిమాలు చూశా, ఆ అనుమానం నాకు ఒక్కసారి కూడా రాలేదు. మిగతా హీరోలకి డ్రెస్సు ఎక్కడి నుంచో ఊడిపడుతుంది, ఇక్కడ కనీసం వాడి వృత్తే కుట్టడం కాబట్టి ఎవరు కుట్టారని అడిగే పని లేదు. తర్వాత ఫోన్లో చూస్తే తెలిసింది, 2021 సంవత్సరానికి కేరళ ప్రభుత్వం ఇచ్చే సినిమా అవార్డుల్లో కాస్ట్యూమ్స్ అవార్డు ఈ సినిమాకే వచ్చిందట. నాయినకి చెప్తే, 'ఇచ్చినోడు దర్జీ అయ్యుండడు' అన్నాడు.

నాకు మాత్రం సినిమా అంటే షిబునే. చేసింది గురు సోమసుందరం అని తమిళ నటుడు. హీరో టోవినో థామస్ బాగా చేశాడు, కాదనను, నవ్వించాడు, అందంగా ఉన్నాడు. కానీ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది టీ కొట్టు మనిషే. చిన్నప్పటి నుంచి ఉష అనే ఆమె మీద ప్రేమ పెట్టుకుని ఉంటాడు, ఆమె ఎవరితోనో వెళ్లిపోయి, జబ్బు పడ్డ కూతురితో ఏళ్ల తర్వాత ఊరికి తిరిగొస్తుంది. ఒక చోట ఉష అతన్ని కాదనకుండా తన మనిషిగా ఒప్పుకుంటుంది. అప్పుడు కెమెరా అతని ముఖం మీదే ఉండిపోతుంది. ముందు నమ్మలేనట్టు చూస్తాడు, తర్వాత నవ్వడానికి నోరు తెరుస్తాడు, ఆ నవ్వు సగంలో ఏడుపైపోతుంది, మళ్లీ దాన్ని ఆపుకుని నవ్వబోతాడు, దవడ వణుకుతుంది. ఆ ముఖంలో ఎక్కడా గ్రాఫిక్స్ లేవు, పైసా ఖర్చు లేదు. సినిమాలో నేను రెండోసారి వెనక్కి తిప్పి చూసిన సీను అదొక్కటే. అప్పటికే అతను చేసిన ఘోరాలు నాకు తెలుసు, అయినా ఆ నిమిషం అతని పక్కనే ఉన్నా.

అమ్మ మాత్రం అతని పక్కన లేదు. అమ్మ మొదటి నుంచీ ఒప్పుకోలేదు. 'అది ప్రేమ ఎట్లయితది, ఆమె వద్దన్నా చుట్టూ తిరిగేది ప్రేమా? బిడ్డకి వైద్యం చేయించే దిక్కు లేక ఆమె తలూపింది' అంది. నేను వాదించబోయి ఆగిపోయా, ఎందుకంటే ఉష ఏమనుకుంటుందో సినిమా సరిగ్గా అడగనే లేదు. షిబు బాధ చూపించడానికి అంత టైమ్ తీసుకున్నోళ్లు ఆమెకి రెండు సీన్లు ఎక్కువ ఇచ్చి ఉండాల్సింది. ఈ లోపం నాకు మా అమ్మ చెప్తే గానీ కనపడలేదు.

మిగతా లోపాలు చిన్నవి కాదు గానీ భరించొచ్చు. రెండున్నర గంటల పైనే ఉంటుంది, మొదటి ముప్పావుగంట మెల్లగా నడుస్తుంది. జైసన్ పాత ప్రేమ కథ తీసేసినా నష్టం లేదు. పోలీసులందరూ కార్టూన్లే. బ్రూస్ లీ బిజి అని కరాటే నేర్పే అమ్మాయి పాత్ర ఉంది, రాగానే ఒకణ్ని ఉతికేస్తే ఈమే అసలు హీరో అనుకున్నా, తర్వాత ఆమెని పక్కకి పెట్టేశారు. చివరి ఫైటు మామూలుగా ఉంది, అప్పటిదాకా ఊరి సినిమాగా ఉన్నది అక్కడ మాత్రం అందరి సినిమా అయిపోయింది.

ఇంకో సంగతి. దీనికోసం కాలడిలో పెరియార్ నది ఒడ్డున చర్చి సెట్ వేస్తే 2020 మేలో, లాక్‌డౌన్ టైమ్‌లో, కొంతమంది వచ్చి పగలగొట్టారు. ఖర్చు చూసుకుని తీసే వాళ్లకి అది ఎంత దెబ్బో ఊహించుకోండి. సినిమాలో ఆ కష్టం ఎక్కడా కనిపించదు.

తెలుగు డబ్బింగ్ ఉంది. చెడ్డగా లేదు, కానీ టీ కొట్టు మనిషి నుంచి ఎస్సై దాకా అందరూ టీవీ వార్తలు చదివినట్టు ఒకే తెలుగు మాట్లాడతారు. ఒక్కడన్నా 'ఏమప్పా' అంటే మా ఇంట్లో గోల గోల అయ్యుండేది. నా సలహా, మొత్తం తెలుగులో చూడండి గానీ షిబు, ఉష సీన్లకి మలయాళం ఆడియో పెట్టుకోండి. మాట అర్థం కాకపోయినా గొంతు చాలు. పిల్లలతో చూడొచ్చా అంటే, ఎనిమిదేళ్లు దాటినోళ్లయితే పర్లేదు, చివర్లో మంటలు, చావులు ఉన్నాయి, మా వాడు అమ్మ కొంగు పట్టుకున్నాడు.

అయిదుకి మూడున్నర. ఆ ఒక్క సీను కోసం ఇంకో అర.

అక్క కొడుకు నిన్నంతా ఫోన్లో హీరో డ్రెస్సుని ఆపి ఆపి పెద్దది చేసి చూస్తూనే ఉన్నాడు. కనిపెడితే అస్తరు గుడ్డతో ముసుగు కుట్టిస్తానని తాత మాటిచ్చాడంట. జిప్పు ఇంకా దొరకలేదు.