విశాఖ గాలిలో ఏడేళ్ల త్సుబా

సమురాయి కత్తి భాగాలతో చేసిన వస్తువులు నా దగ్గర మూడున్నాయి. ఏడేళ్లుగా మూడింటినీ వాడుతున్నాను. ఉద్యోగరీత్యా జపాన్‌లోని క్యోటోలో ఉన్నప్పుడు, తోజి ఆలయంలో ప్రతి నెలా 21న జరిగే సంతలో కొన్నాను. మళ్లీ కొనాలంటే ఒక్క త్సుబానే కొంటాను.

త్సుబా అంటే పిడికీ అలుగుకీ మధ్య చేతికి అడ్డుగా ఉండే బిళ్ల. నాది ఇనుముది, అరచేతిలో ఇమిడేంత. కాగితాలు ఎగిరిపోకుండా బల్లమీద పెట్టుకుంటాను. నడుమ కత్తి దూరే కన్నం, దాని పైకొసలో, కిందికొసలో సుత్తితో కొట్టి దిగ్గొట్టిన రాగి ముక్కలు. వేరే కత్తికి అమర్చినప్పుడు వదులు కాకుండా అలా బిగిస్తారు. పని మధ్యలో నా బొటనవేలు తనంతట తానే ఆ రాగి మీదికి పోతుంది. విశాఖ వచ్చాక సముద్రపు గాలికి ఆవగింజంత తుప్పు మచ్చలు లేచాయి. జింక కొమ్ము ముక్కతో మెల్లగా గీకి, పొడి నూలుగుడ్డతో రోజూ రుద్దుతున్నాను. నాలుగు నెలలకు మళ్లీ నలుపు నిగారింపు వచ్చింది. ఇసుక కాగితం మాత్రం దగ్గరికి రానివ్వకండి.

రెండోది పళ్ల కత్తి. కత్తి ధరించి తిరగడాన్ని 1876లో జపాన్‌లోని మెయిజీ ప్రభుత్వం నిషేధించాక, కత్తి భాగాలు చేసే పనివాళ్ల బతుకు తలకిందులైంది. ఒరలో పక్కన దోపుకొనే చిన్న కత్తి పిడిని కొజుకా అంటారు. అలాంటి పిడులెన్నో విదేశీయుల భోజనాల బల్లమీది కత్తులకు చేరాయి. నా కత్తి అలుగు మీద షెఫీల్డ్ అని, కత్తులకు పేరుపడ్డ ఇంగ్లండ్ ఊరి పేరు ముద్ర ఉంది. పిడి షాకుదో లోహం: రాగిలో కొద్దిగా బంగారం కలిపి, మందునీళ్లలో మరిగించి నీలి నలుపు తెప్పిస్తారు. దాని మీద చేపగుడ్లు పరిచినట్టు సన్నని చుక్కలు.

దాన్ని పాడు చేసింది నేనే. మామిడిపండు రసం అంటిందని, ఇత్తడి చెంబుకు పట్టించినట్టే చింతపండు పట్టించి తోమాను. వేలెడు మేర నలుపు ఊడి రాగి ఎర్రగా తేలింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మళ్లీ నలుపు తెప్పించాలంటే మొత్తం పిడికి కొత్తగా రంగు పట్టించాలి, అంటే పాత పనివాడి రంగు ఆసాంతం పోతుంది. అందుకే అలాగే ఉంచాను. ఇప్పుడు దానితో ఉత్తరాల కవర్లు మాత్రమే కోస్తున్నాను.

మూడోది చీర పిన్ను. పిడి చుట్టు పట్టీ కింద సగం దాగి ఉండే చిన్న బొమ్మను మెనుకి అంటారు, నాది రొయ్య. ఇది పాతకాలపు మార్పు కాదు, ఎవరో ఈమధ్య చేసినది. వెనక సూది టంకం పెట్టినప్పుడు తగిలిన వేడికి తోక దగ్గర పూత మాడింది. కొనేముందు తిప్పి చూసుకోవలసింది. మెనుకి ఎప్పుడూ జతగా ఉంటుంది. దీని జోడు రొయ్య ఎక్కడుందో అని పెట్టుకున్న ప్రతిసారీ అనిపిస్తుంది. చెక్కుచెదరని జతలను విడదీయడం, చేసినవాడి సంతకమున్న త్సుబాకు గొలుసు కోసం రంధ్రం వేయడం నాకు సహించవు. అలాంటివి ఎంత చవకైనా కొనకండి. సూది కూడా లావు. మొదటిరోజే పట్టుచీర పమిటకు రెండు చిల్లులు పడ్డాయి. ఇప్పుడు నూలు చీరకే పెడుతున్నాను, అదీ పమిట నాలుగు మడతలు పట్టి.