మా ఎఫ్‌సీ పికప్పుకు ఇంజన్ మార్చిన అనంతపురం షెడ్డు: పనితనం, పొరపాటు

అనంతపురం ఊరి చివర, బోర్డు కూడా లేని ఒక రేకుల షెడ్డులో మా పాత మహీంద్రా ఎఫ్‌సీ-150 పికప్పుకు ఇంజన్, గేర్‌బాక్సు, వెనుక ఇరుసు మార్పించి ఏడు నెలలైంది. ఒక వేసవి, ఒక వానాకాలం, చీనీ (బత్తాయి) కోత ఒకటి గడిచాక రాస్తున్న అభిప్రాయమిది. ఐదు మార్కులకు మూడున్నర ఇస్తాను. చేతిపనికి మాత్రమే మార్కులు వేయవలసి వస్తే ఐదుకు ఐదూ ఇచ్చేవాణ్ని. ఆ తగ్గిన ఒకటిన్నరలో అర మార్కు నా తప్పిదానిది.

ఈ బండిని మా తాత 1971లో వేరుశనగ బస్తాల కోసం కొన్నారు. అమెరికాలో విల్లీస్ సంస్థ 1957 మోడల్‌గా తెచ్చిన ఎఫ్‌సీ-150నే తర్వాత మహీంద్రా మన దేశంలో తయారు చేసింది. ముందు మూతి ఉండదు. డ్రైవరు ముందు చక్రాల మీదే కూర్చుంటాడు, ఇంజను రెండు సీట్ల మధ్య పెట్టెలో ఉంటుంది. అందులోని 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజన్ చిత్రమైన కట్టడం: గాలి లోపలికి వచ్చే వాల్వులు హెడ్డులోనూ, పొగ బయటికి పోయే వాల్వులు బ్లాకులోనూ ఉంటాయి. సుమారు 75 హార్స్‌పవర్ ఉన్న ఆ ఇంజను మా చిన్నతనంలో బాగానే లాగేది. పదేళ్ల క్రితం బ్లాకు పగిలి, రెండుసార్లు అతికించినా నిలవక, బండి శింగనమల వైపు ఉన్న మా తోటలో చింతచెట్టు కింద ఆగిపోయింది. దాన్ని ట్రాక్టరు ట్రైలరు మీదికి ఎక్కించి షెడ్డుకు తీసుకువెళ్లాము.

షెడ్డు మేస్త్రీ సూచించిన ఇంజన్ 2002లో వచ్చిన తొలి స్కార్పియోలోని 2.6 లీటర్ల టర్బో డీజిలు. కామన్ రైలు అనే ఎలక్ట్రానిక్ ఇంధన పద్ధతి రాకముందటిది కనుక కంప్యూటరు పెట్టె, సెన్సార్ల జడ లాంటి తలనొప్పులు తక్కువ. దాని బలం 109 హార్స్‌పవర్. తుక్కు బండి నుంచి తీసిన ఇంజను, దానితోపాటే ఐదు గేర్ల పెట్టె వచ్చాయి. కొనేముందు ఆయన దాన్ని బల్ల మీదే నడిపి, ఆయిల్ మూత తీసి, పొగ ఎంత తన్నుతోందో అరచేయి అడ్డం పెట్టి చూపించారు. కొన్నవాడికి ఆ మాత్రం నమ్మకం కలిగించిన షెడ్డులు నాకు ఎక్కువ తారసపడలేదు.

ఎఫ్‌సీకి ఇంజను ఎక్కించడం జీపుకు ఎక్కించినంత సులువు కాదు. బానెట్ తీసి పై నుంచి దించే వీలు లేదు. మేస్త్రీ క్యాబిన్ బోల్టులన్నీ విప్పి, స్టీరింగు కడ్డీ విడదీసి, క్యాబిన్‌ను చైన్ బ్లాకుతో మూడడుగులు పైకి లేపి గాలిలో నిలిపారు. ఇంజనును ఛాసిస్ మధ్యలో దించి చూస్తే ఇంజను కింది ఆయిల్ తొట్టి (సంపు) అడుగు నేరుగా ముందు ఇరుసు మీద కూర్చుంది. స్ప్రింగులు నొక్కుకున్నప్పుడు ఇరుసు పైకి వస్తుంది కాబట్టి అక్కడ కనీసం మూడంగుళాల ఖాళీ ఉండాలి. ఇంజనును పైకి లేపితే సీట్ల మధ్య పెట్టె మూత పడదు. అందుచేత సంపును ముందు భాగంలో కోసి, లోతును వెనక్కి జరిపి, లోపలి ఆయిల్ పీల్చే గొట్టాన్ని కూడా దానికి తగినట్టు వంచి, మళ్లీ వెల్డింగు చేశారు. ఆ వెల్డింగును పరీక్షించిన తీరు నేను మరచిపోలేను. సంపులో కిరోసిన్ నింపి, కింద పాత దినపత్రిక పరిచి, రాత్రంతా అలాగే వదిలేశారు. పొద్దున నేను వెళ్లేసరికి ఆ కాగితం మీద ఒక్క మచ్చ లేదు. మేస్త్రీ దాన్ని మడిచి నా చేతిలో పెట్టారు. ఏడు నెలలుగా ఆ అతుకు దగ్గర చెమ్మ కూడా కనబడలేదు.

ఇంజన్ మౌంటింగుల కోసం చేసిన బ్రాకెట్లు, క్లచ్ తీగకు బదులు అమర్చిన హైడ్రాలిక్ సిలిండరు, డీజిలు తిరిగి ట్యాంకులోకి వెళ్లే రెండో గొట్టం, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. వైరింగుకు మాత్రం రంగులు పాటించలేదు. అన్నీ ఎర్ర తీగలే.

ఇక ఇరుసు సంగతి. పాత బండిలో గేర్‌బాక్సు వెనక, నాలుగు చక్రాలకూ బలం పంచే ఫోర్ వీల్ పెట్టె ఉండేది; దాని నుంచి ఇరుసును తిప్పే షాఫ్టు బండి మధ్యగా కాకుండా కుడి పక్కగా బయటికి వస్తుంది, కనుక ఇరుసు మీది గుండు (లోపల పళ్ల చక్రాలుండే ఉబ్బు) కూడా కుడి పక్కకే జరిగి ఉంటుంది. కొత్త గేర్‌బాక్సు టూ వీల్ బండిది. దాని షాఫ్టు నడిమధ్యన వస్తుంది. పాత ఇరుసునే ఉంచితే షాఫ్టు వంకరగా తిరిగి, దాని కీళ్లయిన క్రాసులు నెలకొకటి పోతాయి. ఆ కారణంతో మేస్త్రీ వెనుక ఇరుసునే మార్చి, గుండు మధ్యలో ఉన్నది తెచ్చి, స్ప్రింగు ప్యాడ్లను కొత్త కొలతలకు వెల్డు చేశారు. పాత ఇరుసులోని పెద్ద పళ్ల చక్రానికి (క్రౌను) 43 పళ్లు, దాన్ని తిప్పే చిన్నదానికి (పీనియను) 8; అంటే 5.38 నిష్పత్తి. కొత్తదానికి 41, 10, అంటే 4.10. మా టైర్ల చుట్టుకొలతతో లెక్క కడితే, షాఫ్టు ఇంజనుతో సమానంగా తిరిగే గేరులో గంటకు 80 కిలోమీటర్ల వేగం దగ్గర పాత నిష్పత్తితో ఇంజను నిమిషానికి సుమారు 3150 సార్లు తిరగాలి. కొత్తదానితో 2400 చాలు. డీజిలుకు అదే హాయి. ఈ లెక్క మేస్త్రీ కాగితం కలం లేకుండా నోటితోనే చెప్పారు, నేను ఇంటికి వచ్చి సరిచూసుకుంటే తేడా రాలేదు.

అంతవరకు ముచ్చటే. బండి తోటకు చేరిన మూడో వారంలో పెద్ద వాన పడింది. చీనీ పెట్టెలు ముప్ఫై వేసుకుని కుంట గట్టు కింది బురదలోకి దిగాము. వెనుక చక్రాలు తిరుగుతూ ఉన్నచోటే గుంత తవ్వుకున్నాయి. ఫోర్ వీల్ లివరు లాగాను. అది మెత్తగా, ఏ అడ్డూ లేకుండా వచ్చేసింది. కిందికి వంగి చూస్తే ముందు ఇరుసుకు షాఫ్టే లేదు. లివరును అందానికి ఉంచి, ఫోర్ వీల్ పెట్టెను, ముందు షాఫ్టును తీసేశారు.

తీసెయ్యడానికి కారణం ఉంది. వెనుక 4.10, ముందు 5.38 ఉంచి రెండింటినీ ఒకేసారి తిప్పితే ముందు చక్రాలకు ఒక వేగం, వెనుక చక్రాలకు మరో వేగం వస్తుంది. బిగి నేల మీద పది అడుగులు కూడా పోకముందే ఏదో ఒక షాఫ్టు విరుగుతుంది. కాబట్టి మేస్త్రీ చేసినది సాంకేతికంగా సరైన పనే. నాకు చెప్పకపోవడమే తప్పు. ఫోను చేస్తే ఆయన ఏ తడబాటూ లేకుండా, "యాడ తోల్తావో నువ్వు చెప్పల్ల కదా సామీ, నేను హైవే అనుకుంటి" అన్నారు. నిజానికి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇక్కడ అంకెలు కొంత చెప్పాలి, ఎందుకంటే "ఇంజన్ పెద్దదైతే బండి బాగా లాగుతుంది" అని నేనూ అనుకున్నాను. పాత పెట్రోలు ఇంజను తిప్పుడు బలం 155 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. మొదటి గేరు నిష్పత్తి 2.8, లో రేంజి (ఫోర్ వీల్ పెట్టెలో వేగం తగ్గించి బలం పెంచే గేరు) 2.46, ఇరుసు 5.38 గుణిస్తే 37 వస్తుంది. ఆ బలం చక్రాల దగ్గరికి 37 రెట్లై చేరేది. కొత్త ఇంజను బలం సుమారు 250. కాని మొదటి గేరు నాలుగుకు అటూ ఇటూగా ఉండి ఇరుసు 4.10 కావడంతో ఆ రెట్లు 16 దగ్గరే ఆగిపోతాయి. గుణించి చూడండి: బురదలో, లో రేంజిలో పాత బండే ఎక్కువ లాగేది. గట్టి నేల మీద, లో రేంజి వేయనప్పుడు మాత్రం కొత్తది పాతదానికి ఒకటిన్నర రెట్లకు మించి లాగుతుంది, లోడుతో గట్టు ఎక్కేటప్పుడు రెండో గేరు నుంచి దిగనవసరం రావడం లేదు. మేస్త్రీ అద్భుతమైన రోడ్డు బండిని తయారు చేసి ఇచ్చారు. మాది తోట బండి.

రోడ్డెక్కించే అవకాశమూ లేదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా ఉండేలా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. ఇంజన్ నంబరే కాదు, ఇంధనమే పెట్రోలు నుంచి డీజిలుకు మారిన బండి మాది. దీనికంటే నన్ను ఎక్కువ బాధించింది మరొకటి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. బ్లాకు బాగుచేయించి ఉంటే తాత బండికి ఆ గౌరవం కోసం అడిగే దారైనా ఉండేది. ఈ సంగతి వకీలైన మా బావమరిది చెప్పేసరికి అడ్వాన్సు, పని, మిగతా డబ్బు అన్నీ అయిపోయాయి. రోజూ ఇంజన్లు మార్చే షెడ్డుకు ఈ నిబంధనలు తెలియవని నేను నమ్మను. "పేపర్ల సంగతి తర్వాత చూద్దాం" అన్న ఒక్క మాటతో దాటేశారు.

బ్రేకుల విషయంలో ఒక ప్రమాదం తృటిలో తప్పింది. డీజిలు ఇంజనులో పెట్రోలు ఇంజనులా గాలి పీల్పు ఉండదు కాబట్టి, తొక్కే బలాన్ని పెంచే బ్రేకు బూస్టరుకు డైనమో వెనకున్న వేక్యూమ్ పంపు నుంచి గొట్టం వేస్తారు. షెడ్డులో దానికి మామూలు నీళ్ల గొట్టం తగిలించారు. రెండో రోజే, గట్టు దిగేటప్పుడు, వేడికి మెత్తబడిన ఆ గొట్టం లోపలికి అణిగిపోయి మూసుకుపోయింది. పెడలు రాయిలా గట్టిపడింది. రెండు కాళ్లూ వేసి తొక్కి, గేరు తగ్గించి ఆపాను. ముందే ముందు భాగం బరువని పేరున్న ఎఫ్‌సీకి ఇప్పుడు మరింత బరువైన ఇంజను తగిలింది, కాబట్టి బ్రేకు మీద పొదుపు చేయకూడదు. మేస్త్రీ మరుసటి రోజే కుర్రవాణ్ని తోటకు పంపి, లోపల తీగ అల్లిక ఉన్న సరైన గొట్టం వేయించి, డబ్బు తీసుకోలేదు. ఏప్రిల్‌లో ఇంజను వేడెక్కుతోందని చెప్పినప్పుడు కూడా మూడు వరుసల రేడియేటరు వేసి, దాని ధర మాత్రమే తీసుకున్నారు. పెట్టె మూత లోపల గ్లాస్‌వూల్, అల్యూమినియం రేకు వేసినా టర్బో పక్కనున్న ఎడమ మోకాలు ఇంకా ఉడుకుతూనే ఉంది. అనంతపురం వేసవికి అది ఒక కానుక.

ఖర్చు మాట్లాడుకున్నది లక్షా ఎనభై వేలు, చివరికి అయినది రెండు లక్షల ముప్ఫై నాలుగు వేలు. నెలన్నర అన్న పని మూడున్నర నెలలు పట్టింది. "ఇంగ నాలుగు దినాలు సామీ" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క తప్పింది. అయినా తీసేసిన ప్రతి భాగాన్నీ, పాత హరికేన్ ఇంజనుతో సహా, గోతాల్లో కట్టి, సుద్దతో పేర్లు రాసి తిరిగి ఇచ్చారు. తుక్కు ధరకు అమ్ముకునే షెడ్ల మధ్య ఇది చిన్న విషయం కాదు.

ఆ గోతాల్లో ఫోర్ వీల్ పెట్టె కూడా ఉంది. పాత వెనుక ఇరుసును తిరిగి ఎక్కించి, ఆ పెట్టెను కొత్త గేర్‌బాక్సుకు అతికే అడాప్టరు లేతు మీద తయారు చేయగలనని మేస్త్రీ అంటున్నారు. సంక్రాంతి తర్వాత బండిని మళ్లీ ఆ షెడ్డుకే పంపుతున్నాను. ఈసారి ఏ భాగం ఉంటుంది, ఏది పోతుంది, బండి ఎక్కడ తిరుగుతుంది అన్నది రెండు పేజీల్లో రాసి, కింద ఆయన చేత సంతకం పెట్టించుకున్నాకే అడ్వాన్సు ఇచ్చాను.