‘కామెన్ రైడర్ గవ్’ సమీక్ష: తింటేనే హీరో

పొట్ట మీద నోరున్న కుర్రాడు హీరో, చిరుతిళ్లు అతని ఆయుధాలు. జపాన్ సూపర్‌హీరో టీవీ సిరీస్ ‘కామెన్ రైడర్ గవ్’ ఫొటోలు మొదట బయటికొచ్చినప్పుడు, ఇది మరీ చిన్నపిల్లల వ్యవహారమని పెదవి విరిచిన అభిమానులు తక్కువేం కాదు. ఊదారంగు గమ్మీ (జెల్లీ మిఠాయి) ముద్దలు అతికించిన ఆ సూట్ చూస్తే అలా అనుకోవడంలో తప్పు లేదు. 2024 సెప్టెంబర్ 1న, ఆదివారం ఉదయం 9 గంటలకి టీవీ అసాహిలో మొదటి ఎపిసోడ్ వచ్చాక వాళ్లలో చాలామంది మాట మార్చారు. 2025 ఆగస్టు 31 దాకా 50 ఎపిసోడ్లు నడిచిన ఈ సిరీస్, రేవా కాలంలో, అంటే 2019లో జపాన్‌లో కొత్త చక్రవర్తితో మొదలైన శకంలో, వచ్చిన కామెన్ రైడర్ సిరీస్‌లలో ఆరోది. హీరో శక్తికీ కథకీ ఇంత గట్టి ముడి పడింది మాత్రం ఈ ఆరింటిలో దీనికే.

ఆ ముడి తిండి. షోమా ఇనోవె తల్లి మనిషి, తండ్రి గ్రాన్యూట్ అనే వేరే లోకపు జాతివాడు. షోమా చిరుతిండి తింటే, ఆ రుచికి తగ్గ గోచిజో అనే బుల్లి జీవి పుడుతుంది. దాన్ని పొట్ట మీది నోట్లో పెట్టి, హ్యాండిల్ తిప్పితే ఆ నోరు నములుతుంది, బటన్ నొక్కితే హెన్షిన్, అంటే రైడర్‌గా రూపం మారడం, పూర్తవుతుంది. అంటే ఏమీ తినకపోతే గోచిజో లేదు, గోచిజో లేకపోతే రైడర్ లేడు. ఏ రూపం కావాలంటే ఆ రూపం జేబులోంచి తీసే వెసులుబాటు ఇక్కడ లేదు.

ఫైట్లు కూడా ఈ లెక్క తప్పవు. పాపిన్ గమ్మీ రూపంలో ఒంటి మీది గమ్మీయే కవచం. దెబ్బ తగిలిన చోట ముక్క పగిలి ఎగిరిపోతుంది, దెబ్బ ఊపు దానితోనే పోతుంది. జాకుజాకు చిప్స్ రూపం ఇంకా బాగుంటుంది. జాకుజాకు అంటే మన కరకర లాంటి శబ్దమే. ఆ కత్తులకి పదును ఎక్కువ, కానీ ఉత్త పెళుసు. గట్టిగా తగిలితే విరుగుతాయి, మళ్లీ మొలుస్తాయి. దాంతో షోమా ఆగి నిలబడి పోరాడలేడు, విరిగే లోపు ఇంకో వేటు వెయ్యాలి. తినే వస్తువు గుణాన్ని ఫైట్‌లోకి ఇంత శుభ్రంగా దించిన సుగిహారా తెరుఅకి బృందానికి నిజంగా దండం పెట్టాలి. ఈ సిరీస్‌కి ముఖ్య దర్శకుడు ఈయనే, 2019లో వచ్చిన తొలి రేవా రైడర్ సిరీస్ ‘జీరో-వన్’కి కూడా.

ఇక రంగుల వెనకున్న చీకటి. గ్రాన్యూట్లు మనుషుల్ని పట్టి అరచేతిలో పట్టే పలకలుగా మార్చేస్తారు. వాటిని హిటోప్రెస్ అంటారు. స్టొమాక్ కుటుంబానికి చెందిన కంపెనీ వాటితో చీకటి మిఠాయి తయారుచేసి తమ లోకంలో అమ్ముతుంది. పట్టుబడే క్షణంలో మనిషి ఎంత సంతోషంగా ఉంటే సరుకు అంత నాణ్యం. అందుకే ఈ సిరీస్‌లో ఎవరైనా హాయిగా నవ్వుతుంటే చూసేవాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. పలక చెక్కుచెదరకుండా దొరికితే మనిషి తిరిగొస్తాడు, మిఠాయిలో కలిసిపోతే ఇక రాడు. షోమా తల్లికి ఆ గతే పట్టింది. ఆ కంపెనీ అతని తండ్రి తరఫు వాళ్లదే. రచయిత్రి కోమురా జుంకో ఈ విషయాన్ని చివరిదాకా దాచి ట్విస్టుగా వాడుకోలేదు, ముందే చెప్పేసి దాని బరువుని మోయించింది. ఆ ధైర్యమే నాకు అన్నిటికన్నా నచ్చింది.

అభిమానుల్ని బాగా కదిలించింది మాత్రం గోచిజోలు. పని అయిపోయాక ఆ బుల్లి జీవి పారదర్శకంగా మారి, రెక్కలతో పైకి తేలిపోతుంది. తెరమీద ఉండేది రెండు మూడు సెకన్లే. పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు, పెద్దవాళ్లు ‘అంటే ప్రతి హెన్షిన్‌కీ ఒక ప్రాణం పోతోందా’ అని ఆగిపోతారు.

రెండో రైడర్ వాలెన్, అంటే హంతో. చాక్లెట్ గోచిజోని తుపాకీలో పెట్టి మారతాడు. గ్రాన్యూట్ల వల్ల తల్లిని పోగొట్టుకున్నవాడు, వాళ్లంటే పగ. పక్కనే ఉన్న స్నేహితుడు షోమా సగం గ్రాన్యూట్ అని అతనికి తెలిసేదాకా నడిచే ఎపిసోడ్లు ఈ సిరీస్‌లో అన్నిటికన్నా బిగువైనవి. తర్వాత వచ్చే మూడో రైడర్ వ్రామ్‌ది పుడ్డింగ్ రూపం, అతను తమ్ముణ్ణి కోల్పోయిన గ్రాన్యూట్. ముగ్గురి బాధా ఒకే కంపెనీ దగ్గర కలుస్తుంది.

సబ్‌టైటిళ్లతో చూసేవాళ్లు ఒకటి గమనించాలి. స్టొమాక్ తోబుట్టువుల పేర్లన్నీ నాలుకలే. న్యెల్వ్ హంగేరియన్, గ్లొట్టా గ్రీకు, లాంగో ఎస్పెరాంతో, షీటా జపనీస్. జీబ్ అయితే హిందీ మాట, మన ‘జిహ్వ’కి చుట్టం. పేరు వినగానే వీళ్లకి లోకమంతా రుచి చూసే సరుకేనని అర్థమవుతుంది. సబ్‌టైటిల్ ఇదంతా విప్పి చెప్పదు.

లోపాలూ ఉన్నాయి. బొమ్మల అమ్మకాల కోసం కొత్త రూపాలు వరసగా దిగుతూనే ఉంటాయి. పైన చెప్పిన చిప్స్ రూపం లాంటి చక్కటి ఆలోచన తర్వాత్తర్వాత మెరుపు గ్రాఫిక్స్ కింద నలిగి, అప్పుడప్పుడూ తప్ప కనిపించదు. సాచిక నడిపే ‘ఏ పనైనా చేసిపెడతాం’ దుకాణానికి ఎవరో రావడం, వాళ్ల సంతోషం మీద గ్రాన్యూట్ కన్ను పడటం, రెండు ఎపిసోడ్లలో తేలిపోవడం అనే పద్ధతి మధ్యలో అరిగిపోతుంది. సాచికకి ఇంకా బలమైన సన్నివేశాలు పడాల్సింది. షోమాని మనుషుల్లో నిలబెట్టేది ఆ అమ్మాయే కదా!

చూడాలనుకుంటే తొలి రెండు ఎపిసోడ్లు కలిపి చూడండి. మొదటిది ఒక్కటే చూసి తీర్పు ఇస్తే సగం కథే తెలిసినట్టు. హంతో రైడర్ అయ్యేదాకా ఓపిక పట్టండి, అక్కడ నచ్చకపోతే ఆపేయొచ్చు. మధ్యలో ఎపిసోడ్లు దాటేయొద్దు. ఆ వారంతోనే ముగిసే కథల్లా కనిపించే వాటిలోనే షోమా కొత్త తిండి రుచి చూస్తాడు, దాని ఫలితం తర్వాతి ఫైట్‌లో వస్తుంది. 2025 జూలైలో వచ్చిన సినిమా తప్పనిసరి కాదు, సిరీస్ చివరికొచ్చాక చూసుకోవచ్చు. చిన్నపిల్లలతో చూసేవాళ్లు మాత్రం తల్లి గురించిన సన్నివేశాలప్పుడు పక్కనే కూర్చోండి. వాళ్లకి అక్కడ ప్రశ్నలు వస్తాయి.