గ్యాస్ బావికి ఏ సిమెంటు మేలు: మామూలుదా, తన పగులు తానే పూడ్చుకునేదా?

దసరాకు హనుమకొండ వచ్చినప్పుడు మా చిన్నాన్న కొడుకు వాళ్ల కొత్తింటి సంపు చూపించాడు. నీళ్లు నింపిన కొత్తలో పక్క గోడకు వెంట్రుకంత నెర్రె పడి చెమ్మ కారిందట. మేస్త్రీ వచ్చేలోపే, మూడు నాలుగు వారాల్లో అదే ఆగిపోయింది. నెర్రె ఉన్నచోట ఇప్పుడు సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత ఉంది. గోటితో గీకితే పొడి రాలింది, నీరు మాత్రం రాలేదు. "అన్నా, దానంతటదే బందైంది. మరి మీ గ్యాస్ బావులల్ల గిట్లాంటి సిమెంటే పోయొచ్చు కదా?" అన్నాడు. వాడు సివిల్ చదువుతున్నాడు. నేను గోదావరి జిల్లాల్లో బావుల సిమెంటింగ్ పనిలో ఉన్నాను. ఆ రోజు సగం జవాబే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

సంపులో జరిగింది మాయేమీ కాదు. సిమెంటులో నీరు తగలకుండా మిగిలిపోయిన రేణువులు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. నెర్రెలోకి నీరు దిగగానే అవి మళ్లీ గట్టిపడతాయి. కరిగి వచ్చిన సున్నం నీటిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి తెల్లగా పేరుకుంటుంది. పాత గడీల గోడల్లో వాడిన డంగు సున్నం కూడా వానలకు కొంచెం కరిగి, సన్న పగుళ్లలో మళ్లీ పేరుకుంటుంది. దీనికి నీరు కావాలి, పగులు సన్నగా ఉండాలి, వారాల సమయం కావాలి. గ్యాస్ బావిలో పగులు గుండా వచ్చేది ఒత్తిడితో తోసుకొచ్చే గ్యాస్. అది వారాలు ఆగదు.

బావిలో సిమెంటు ఎక్కడుంటుందో మన బోరుతో పోల్చి చెబుతా. బోరు వేశాక కేసింగు దించి, దాని చుట్టూ సందును సరిగ్గా మూయకపోతే వానాకాలంలో పైనున్న మురికి నీళ్లు ఆ సందులోంచే లోపలికి దిగుతాయి. గ్యాస్ బావిలో ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది, కిందనున్న గ్యాస్ పైకి ఎక్కుతుంది. ఎనిమిదిన్నర అంగుళాల రంధ్రంలో ఏడంగుళాల కేసింగు దించితే చుట్టూ మిగిలే సందు ముప్పావు అంగుళమే. వందల మీటర్ల పొడవునా ఆ ముప్పావు అంగుళం సిమెంటే గ్యాస్‌ను ఆపాలి.

మామూలు మార్గంలో వాడేది క్లాస్ జి సిమెంటు. మనకు తెలిసిన బసంత్‌నగర్, మంచిర్యాల సిమెంట్లలాగే ఇదీ పోర్ట్‌లాండ్ కుటుంబమే. కాకపోతే లోతులోని వేడికి, ఒత్తిడికి ఎలా నడుచుకుంటుందో ముందే తెలిసేలా కచ్చితమైన కొలతలతో చేస్తారు. నీళ్లతో కలిపితే స్లరీ లీటరుకు 1.9 కిలోలు తూగుతుంది. ఖర్చు తక్కువ, అలవాటైన పని, నొక్కితే గట్టిగా నిలుస్తుంది. లాగితే మాత్రం ఆ బలంలో దాదాపు పదోవంతే. బావిని తెరిచి మూసిన ప్రతిసారీ కేసింగు కొంచెం ఉబ్బుతుంది, కొంచెం ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే సిమెంటు చీలుతుంది, లేదా కేసింగు నుంచి వెంట్రుక వాసి విడిపోతుంది.

అప్పుడు చేసేది స్క్వీజ్ జాబ్: కేసింగుకు చిల్లులు పెట్టి, ఒత్తిడితో కొత్త సిమెంటు లోపలికి తోస్తాం. ఒక బావిలో నేను చేసిన జాబ్ ఇప్పటికీ గుర్తుంది. పంపు మొదలుపెట్టగానే ఒత్తిడి ఎగబాకింది, స్లరీ లోపలికి పోవడం లేదు. సిమెంటు రేణువుల్లో పెద్దవి వంద మైక్రాన్లకు దగ్గరగా ఉంటాయి. గ్యాస్‌కు దారిచ్చే సందు అంతకంటే సన్నం. మర్నాడు వాల్వు తెరిచి గ్యాస్ వదిలాం, గేజి ముల్లు సున్నాకు వచ్చింది. మూసి టీ తాగి వచ్చేసరికి మళ్లీ లేస్తోంది. సాయంత్రానికి పాత అంకె దగ్గరే నిలబడింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

స్వయంగా పూడుకునే సిమెంటు పనికొచ్చేది సరిగ్గా అక్కడే. ఇందులో బాగా వాడుకలో ఉన్న రకానికి స్లరీలోనే రబ్బరు లాంటి పాలిమర్ రేణువులు కలుపుతారు. గట్టిపడ్డాక అవి అలాగే కూర్చుంటాయి. పగులు పడి, నూనె గానీ గ్యాస్ గానీ తగిలితే ఉబ్బి దారి మూసేస్తాయి. రిగ్గు పిలవక్కర్లేదు, కేసింగుకు చిల్లులు పెట్టక్కర్లేదు. పైగా ఆ రేణువుల వల్ల సిమెంటుకు కొంచెం సాగే గుణం వస్తుంది కాబట్టి పగులు పడే అవకాశమే తగ్గుతుంది.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. ధర ఎక్కువ, నొక్కుడు బలం తక్కువ. రేణువులు తేలిక కాబట్టి స్లరీ సరిగ్గా కుదరకపోతే పైకి తేలి ఒకచోట చేరతాయి. నూనె కలిసిన మడ్డుతో (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద) తవ్విన బావిలో, మడ్డుకూ సిమెంటుకూ మధ్య పంపే ద్రవం సరిగ్గా తోలకపోతే, కిందికి చేరకముందే ఉబ్బడం మొదలుపెడతాయి. అన్నిటికంటే ముఖ్యం, నూనెకు ఉబ్బినంత సులువుగా, నూనె తడి లేని మీథేన్ గ్యాస్‌కు ఉబ్బవు. దానికి తగిన ఒత్తిడి ఉండాలి.

బ్యాక్టీరియాతో పగుళ్లు పూడ్చుకునే కాంక్రీటు గురించి కూడా తమ్ముడు అడిగాడు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో హెంక్ జోంకర్స్ చేసిన ఆ పని నాకు నిజంగా ఇష్టం. సంపులకు, సొరంగాలకు బాగుంటుంది. లోతైన బావి వేడిలో మాత్రం దాని మీద ఆధారపడను.

మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి వారి బోరు నుంచి వేడినీళ్లు ఉబికి వస్తాయి, ఆ వేడితో 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టారు. అలాంటి చోట నూనె, గ్యాస్ తగిలితేనే ఉబ్బే సిమెంటు దండగ. వేడికే మళ్లీ అతుక్కునే పాలిమర్ సిమెంట్ల మీద అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల పనిచేస్తోంది. వేడినీటి బావులకు అవే సరైన దారి అనిపిస్తుంది.

ఏది మేలంటే, నా మొదటి ఓటు మామూలు సిమెంటును శ్రద్ధగా పోయడానికే. పూడుకునే గుణం నెర్రెను మూస్తుంది, సిమెంటే చేరని ఖాళీని నింపదు. కేసింగు ఒక పక్కకు వాలితే ఆ పక్కన మడ్డు అలాగే ఇరుక్కుపోతుంది. ఎంత ఖరీదైన సిమెంటు పోసినా అక్కడికి రాదు. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బావి తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. ఆ బావిలో కేసింగును రంధ్రం మధ్యలో నిలిపే సెంట్రలైజర్లు 21 కావాలని లెక్క తేలితే 6 మాత్రమే వాడారు. సిమెంటు ఎలా పట్టిందో చూసే బాండ్ లాగ్‌కు వచ్చిన బృందాన్ని ఆ పని చేయించకుండానే వెనక్కి పంపారు. అడుగున సిమెంటు గ్యాస్‌ను ఆపలేకపోయిందని విచారణలో తేలింది. డబ్బు పరిమితంగా ఉంటే సెంట్రలైజర్లకు, బాండ్ లాగ్‌కు పెట్టాకే మిగతావాటి సంగతి చూడాలి.

అవన్నీ సరిగ్గా చేశాక, గ్యాస్ పొరకు పైన మూతలా ఉండే రాతిపొర ఎదురుగా, ఓ వంద మీటర్ల మేరకు స్వయంగా పూడుకునే సిమెంటు పెట్టమంటాను. మిగతా పొడవంతా మామూలుదే చాలు. తరచూ తెరిచి మూసే గ్యాస్ నిల్వ బావులకు, మళ్లీ రిగ్గు తీసుకెళ్లడం కష్టమైన సముద్రం బావులకు మాత్రం ఆ అదనపు ధరకు వెనకాడను. కొనేముందు ఒక్కటి అడుగుతాను: పరీక్ష నూనెతో చేశారా, మా బావి గ్యాస్‌తో, మా బావి వేడిలో, మా బావి ఒత్తిడిలో చేశారా? రెండోది చూపించేవరకు సంతకం పెట్టను.