ఇస్తాంబుల్‌లో హమామ్: చెంబెర్లితాషా, కిలిచ్ అలీ పాషానా?

ఈ రెండు హమామ్‌లూ (టర్కీ సంప్రదాయ స్నానశాలలు) 1580ల నాటివే, రెండూ ఒట్టోమన్ వాస్తుశిల్పి సినాన్ కట్టినవే. చెంబెర్లితాష్‌లో ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరే విభాగాలున్నాయి. దంపతులు ఒకే సమయానికి వెళ్లొచ్చు, ట్రామ్ దిగితే పక్కనే. కిలిచ్ అలీ పాషాలో పగలు ఆడవాళ్లకు, సాయంత్రం నుంచి మగవాళ్లకు. ముందే బుక్ చేసుకోవాలి.

స్నానం తీరు ఒకటే. వెచ్చటి పాలరాతి తిన్నె మీద పడుకుంటే ఒళ్లంతా చెమట పడుతుంది. తర్వాత ‘కెసె’ అనే గరుకు తొడుగు చేతికి వేసుకుని రుద్దుతారు. అచ్చం మన నలుగు పెట్టినట్టే, మట్టి నలకలు నలకలుగా రాలుతుంది. ఆపైన దిండంత సబ్బు నురుగు ఒంటిమీద కుమ్మరిస్తారు.

నా ఓటు మాత్రం కిలిచ్ అలీ పాషాకే. ఏడేళ్ల మరమ్మతు తర్వాత 2012లో మళ్లీ తెరిచారు. స్నానమయ్యాక ఆ పెద్ద గుమ్మటం కింద తువ్వాళ్లు చుట్టుకుని టీ తాగుతుంటే లేవబుద్ధి కాదు.