కార్టర్, రీగన్: నీళ్ల విషయంలో ఎవరి చిట్టా ఏమిటి?

1980 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో తలపడిన ఈ ఇద్దరూ గవర్నర్లుగా చెరో ఆనకట్టను ఆపినవాళ్లే. జార్జియాలో ఫ్లింట్ నదిపై తలపెట్టిన ఆనకట్ట వద్దని 1973లో కార్టర్ తేల్చేశారు. కాలిఫోర్నియాలో డాస్ రియోస్ ఆనకట్ట కడితే ఆదివాసులుండే రౌండ్ వ్యాలీ మునిగిపోయేది; 1969లో రీగన్ అడ్డుపడ్డారు. అంతవరకు ఇద్దరూ సమానమే.

శ్వేతసౌధంలో అడుగుపెట్టాక దారులు వేరయ్యాయి. దండగమారి జల ప్రాజెక్టులంటూ 1977లో కార్టర్ జాబితా తీసి నిధులు ఆపబోతే సొంత పార్టీవాళ్లే విరుచుకుపడ్డారు. చాలావరకు వెనక్కి తగ్గక తప్పలేదు. నయాగరా ఫాల్స్ పట్టణంలోని లవ్ కెనాల్‌లో పూడ్చిన రసాయనాలు ఇళ్ల నేలమాళిగల్లోకి ఊరుతుంటే 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అలాంటి చోట్లను శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టంపై ఆయన సంతకం పడింది 1980 డిసెంబరులో, అంటే ఓడిపోయాక. ఓటర్లు దాన్ని లెక్కలోకి తీసుకునే వీలే లేకపోయింది!

కొత్త తాగునీటి గొట్టాల్లో సీసాన్ని నిషేధిస్తూ సురక్షిత తాగునీటి చట్టానికి చేసిన 1986 సవరణలపై రీగన్ సంతకం చేశారు. మరుసటి ఏడాదే మురుగుశుద్ధికి నిధులిచ్చే బిల్లును ఖర్చెక్కువని వీటో చేస్తే, అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆ వీటోను తోసిపుచ్చింది.

నా తూకంలో కార్టర్‌దే పైచేయి. చట్టాల కన్నా, సొంతవాళ్లతో పెట్టుకున్న ఆ తగవుకే.